‘స్లీప్‌లో పెట్టి పడుకున్నాడు’: రెండు వాక్యాలకు ఒక వ్యాఖ్యానం

సంక్రాంతి వెళ్లిన వారానికి మా అక్క హనుమకొండ నుంచి ఫోన్ చేసింది. మేనల్లుడి సంగతి అడిగితే ఇలా చెప్పింది: “వాడు కొత్త కన్సోల్ తెచ్చుకుని, ఆట డౌన్‌లోడ్ చేసుకుని, అర్ధరాత్రి దాకా ఆడి, దాన్ని స్లీప్‌లో పెట్టి పడుకున్నాడురా. పాతది అటక మీద పెట్టాం.”

అక్క బెంగ వాడి ఇంటర్ పరీక్షల గురించి. నాకు మాత్రం ఆ రెండు వాక్యాలు ఫోన్ పెట్టేశాక కూడా చెవిలో తిరుగుతూనే ఉన్నాయి. వీడియో గేముల పరిశ్రమ నేల మీద, నీటి మీద, గాలి మీద మోపుతున్న బరువంతా అందులో ఉంది. ఆ బరువును పైకి చూపించే మాట మాత్రం ఒక్కటీ లేదు. అందుకే వాటికి పాత పద్ధతిలో పదం పదం విప్పి వ్యాఖ్యానం రాయాలనిపించింది. మెదకు దగ్గరి కొల్చారం వాడని చెప్పే మల్లినాథసూరి, ఆధారం లేని మాట రాయకూడదన్న నియమంతో కాళిదాసును విప్పి చూపించాడు. నా మూలం కావ్యం కాదు, ఇంటి మాట. నియమం మాత్రం అదే పెట్టుకున్నాను.

అన్వయక్రమంలో ముందు కర్తను చెప్పాలి. ‘వాడు’ అన్న మాటను నేను చివరికి వాయిదా వేస్తున్నాను. ఈ వాక్యంలో కర్త ఎవరన్నదే అసలు చిక్కు.

కొత్త: విశేషణం. దేనికంటే కొత్త అన్నది అడగాలి. ఒకే పేరుతో వచ్చే యంత్రంలో కూడా కొత్తదనం రెండు రకాలు. 2020 నవంబరులో వచ్చిన ప్లేస్టేషన్ 5లో సోనీ 2022లో 6 నానోమీటర్ల పద్ధతిలో చేసిన చిప్ పెట్టింది. ఆట అదే, బొమ్మ అదే, ఖర్చయ్యే కరెంటు తగ్గింది. ఇది పనికొచ్చే కొత్త. పాతదాంట్లో చక్కగా నడిచే ఆటనే మరికాస్త మెరుగైన వెలుగునీడలతో చూడటానికి కొనేది రెండో రకం కొత్త. ప్రకటనలన్నీ ఈ రెండో దాని మీదే. మొదటిదాన్ని పెట్టె మీద కూడా పెద్దగా రాయరు.

కన్సోల్: నామవాచకం. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి.

మన కళ్లకు కనబడేది నల్లటిదో తెల్లటిదో ఒక ప్లాస్టిక్ పెట్టె. దాని గుండెకాయ చిప్. ప్లేస్టేషన్ 5కైనా ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌కైనా ఆ చిప్‌ను రూపొందించింది అమెరికా సంస్థ ఏఎండీ, తయారు చేసేది తైవాన్‌లోని టీఎస్ఎంసీ. సిలికాన్ పలకను చిప్పులుగా మార్చే పనిలో ప్రతి దశలోనూ కడగాలి. మన తాగునీటి కంటే ఎన్నో రెట్లు శుద్ధి చేసిన నీటితో కడగాలి. 2020లో తైవాన్ తీరాన్ని ఒక్క తుపానూ తాకలేదు. మనకు తుపాను అంటే నష్టం, ఆ ద్వీపానికి జలాశయాలు నిండే దారి అదే. దాంతో 2021 వసంతానికి అర్ధశతాబ్దంలో ఎరగనంత కరవు వచ్చింది. ప్రభుత్వం వేల హెక్టార్ల వరి పొలాలకు సాగునీరు ఆపేసి, రైతులకు పరిహారం ఇచ్చి బీడు పెట్టించింది. చిప్ కర్మాగారాలకు ట్యాంకర్లలో నీళ్లు తోలారు. ఆ నీళ్లన్నీ ఆటల యంత్రాలకే పోయాయని ఎవరూ అనరు. ఫోన్లు, కార్లు, సర్వర్లు అన్నీ ఆ కర్మాగారాల బిడ్డలే. కానీ కాలువ కింద మడి ఎండబెట్టుకోవడం అంటే ఏమిటో తెలిసిన ఊళ్లలో పుట్టిన మనకు, ఆ పెట్టెలో ఒక రైతు వదులుకున్న తడి ఉందన్న సంగతి చెప్తే అర్థమవుతుంది.

చిప్ తయారీలో నీటి కంటే తక్కువగా వినబడే మాట ఇంకొకటుంది: ఫ్లోరిన్ వాయువులు. పలకల మీద గీతలు చెక్కడానికి, చెక్కిన గదులను శుభ్రం చేయడానికి నైట్రోజన్ ట్రైఫ్లోరైడ్ వంటివి వాడతారు. గాలిలో కలిస్తే వందేళ్ల లెక్కన ఇది కార్బన్ డయాక్సైడ్ కంటే 16,000 రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది. మంచి కర్మాగారాలు దాన్ని బయటికి పోనివ్వకుండా కాల్చి విరగ్గొడతాయి. ఎంత శ్రద్ధగా చేస్తారన్నది మాత్రం పెట్టె కొన్నవాడికి తెలిసే దారి లేదు.

చిప్ చుట్టూ ఉండే చిన్న చిన్న కెపాసిటర్లలో టాంటలం అనే లోహం వాడతారు. అది కోల్టాన్ అనే ఖనిజం నుంచి వస్తుంది. కోల్టాన్ ఎక్కువగా వచ్చే చోట్లలో తూర్పు కాంగో ఒకటి. 2000లో ప్లేస్టేషన్ 2 బజారులోకి వచ్చిన ఏడాదే టాంటలం ధర ఒక్కసారిగా ఎన్నో రెట్లు ఎగిసింది. మొబైల్ ఫోన్ల గిరాకీ, వ్యాపారుల నిల్వలు కూడా కలిసే అలా చేశాయి. దాన్ని ‘ప్లేస్టేషన్ యుద్ధం’ అని పిలిచినవాళ్లు కొంత అతి చేశారనే నా అభిప్రాయం. అయినా ఆ ధర చూసి కాంగో గుట్టలను తవ్వినవాళ్లు, ఆ తవ్వకాల మీద పన్ను గుంజి తుపాకులు కొన్నవాళ్లు నిజం. 2010లో అమెరికా చేసిన ఆర్థిక సంస్కరణల చట్టంలోని 1502వ సెక్షన్ తగరం, టాంటలం, టంగ్‌స్టన్, బంగారం ఎక్కడి నుంచి వచ్చాయో కంపెనీలు చెప్పాలంది. చట్టం వచ్చి పద్నాలుగేళ్లయ్యాక, 2024లో, కాంగోలోని ఉత్తర కివూ రాష్ట్రంలో రుబాయా కోల్టాన్ గనులు ఎం23 తిరుగుబాటుదళం చేతిలోకి పోయాయి. చెప్పాలని చట్టం రాయడం వేరు, గని దగ్గర జనానికి నెమ్మది కలగడం వేరు.

ఒక మంచి కథ కూడా చెప్పాలి. 2001 చివర్లో, క్రిస్మస్ అమ్మకాల ముందు, నెదర్లాండ్స్ అధికారులు ప్లేస్టేషన్ వన్ పెట్టెలు 13 లక్షలు ఆపేశారు. కారణం ఆటా కాదు, పన్నూ కాదు. తీగల మీది తొడుగులో కాడ్మియం ఆ దేశం ఒప్పుకునే మోతాదుకు మించి ఉంది. కాడ్మియం మూత్రపిండాలను తినేసే విషం. తీగలను చేసింది సోనీ కాదు, ఎక్కడో ఉన్న సరఫరాదారు. ‘మాకు తెలియదు’ అన్న జవాబు అక్కడ చెల్లలేదు. సోనీ ఆ తీగలన్నీ మార్చి, ఆ తరువాత తనకు విడిభాగాలిచ్చే ప్రతి కర్మాగారాన్నీ తనిఖీ చేసే ‘గ్రీన్ పార్ట్‌నర్’ పద్ధతి పెట్టుకుంది. సీసం, పాదరసం, కాడ్మియం వంటివాటిని ఎలక్ట్రానిక్ వస్తువుల్లో కట్టడి చేసే ఐరోపా సమాఖ్య నిబంధన 2006 జులై నుంచి సభ్యదేశాలన్నింటా అమలైంది. అధికారులు తీగల్లో విషాన్ని పట్టుకుంటే ఒక పెద్ద కంపెనీ పద్ధతే మారింది. ఈ పరిశ్రమ మారదు అనేవాళ్లకు నేను ఎప్పుడూ ఈ తీగల సంగతే చెబుతాను.

తెచ్చుకుని: రవాణా అన్నమాట. తయారీ, రవాణా కలిపి ఒక్కో ప్లేస్టేషన్ 4 మీద సుమారు 89 కిలోల కార్బన్ డయాక్సైడ్ పడిందని 2019లో ‘ద వెర్జ్’ పత్రికకు లూయిస్ గోర్డన్ లెక్కగట్టి రాశాడు. ఈ 89ని గుర్తుంచుకోండి, కాసేపట్లో మళ్లీ అవసరం పడుతుంది.

ఆట: ఈ మాటకు వ్యాఖ్యానం అక్కర్లేదు. ఆడుకోవడం మనిషికి తిండి తరువాత అంతటి అవసరం. నేను రాస్తున్నది దానికి వ్యతిరేకంగా కాదు.

డౌన్‌లోడ్ చేసుకుని: ‘దించుకుని’ అని అర్థం చెప్పవచ్చు. దించుకోవడం అనగానే ఏదో బరువు తగ్గినట్టు వినిపిస్తుంది. ప్లాస్టిక్ పళ్లెం లేదు, అట్టపెట్టె లేదు, దుకాణానికి బండి మీద వెళ్లక్కర్లేదు కాబట్టి ఇది తప్పక మేలే అని చాలామందిలాగే నేనూ అనుకున్నాను. 2014లో ‘జర్నల్ ఆఫ్ ఇండస్ట్రియల్ ఎకాలజీ’లో కీరెన్ మేయర్స్, మరికొందరు రాసిన పత్రం చదివాక ఆ నమ్మకం సడలింది. బ్రిటన్‌లో 2010 నాటి పరిస్థితి తీసుకుని, సగటున 8.8 గిగాబైట్ల ఆటను బ్లూ-రే డిస్కు మీద దుకాణంలో కొనడాన్నీ నెట్ ద్వారా దించుకోవడాన్నీ వారు పోల్చారు. డిస్కే మేలని తేలింది. ఆట 1.3 గిగాబైట్ల లోపు ఉంటేనే డౌన్‌లోడ్ గెలిచింది. మన ఇంటి రౌటర్ నుంచి సముద్రగర్భంలోని తీగ దాకా, అక్కడి నుంచి సర్వర్ దాకా ప్రతి మజిలీలోనూ కరెంటు ఖర్చవుతుంది కనుక.

అయితే ఈ లెక్క నిలిచి ఉండేది కాదు. నెట్ మీద ఒక గిగాబైట్‌ను పంపడానికి పట్టే కరెంటు 2000 నుంచి ప్రతి రెండేళ్లకూ దాదాపు సగానికి పడుతూ వచ్చిందని 2018లో జాషువా అస్లాన్, మేయర్స్, జోనథన్ కూమీ, క్రిస్ ఫ్రాన్స్ కలిసి రాసిన పత్రం చూపించింది. అంటే తూకం డౌన్‌లోడ్ వైపు ఒరిగింది. మరి ఆటలు ఊరుకున్నాయా? అప్పటి 8.8 గిగాబైట్ల చోట ఇప్పుడు 100 దాటిన ఆటలు మామూలైపోయాయి. డిస్కు కొన్నా మొదటిరోజే పదుల గిగాబైట్ల సవరణలు దించుకోక తప్పదు. యంత్రంలో చోటు చాలక ఒక ఆట చెరిపి, ఇంకొకటి దించి, నెల తిరిగేసరికి చెరిపినదాన్నే మళ్లీ దించుకునే పిల్లలను చూశాను. నా లెక్కలో ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న డిస్కా డౌన్‌లోడా అన్నది కాదు, ఒకే ఆట ఎన్నిసార్లు దిగుతోందన్నది. వాడని భాషల ఆడియోను, ఆడేవాడి టీవీ చూపించలేనంత పెద్ద బొమ్మలను విడిగా పెట్టి, కావాలన్నవాళ్లే దించుకునేలా ఆటను విడగొట్టడం తయారీదారుకు చేతకాని పని కాదు.

ఇక్కడ మూలంలో లేని ఒక మాటను అధ్యాహారం చేసుకోవాలి: క్లౌడ్. ఆట ఎక్కడో ఉన్న సర్వర్ మీద నడిచి, బొమ్మ మాత్రమే మన తెర మీదికి రావడం. మబ్బు అన్నారు గాని అది పూర్తిగా నేల సంగతి. ఎకరాల్లో భూమి, మెగావాట్లలో కరెంటు, యంత్రాలను చల్లబరచడానికి నీళ్లు. గూగుల్ 2025 అక్టోబరులో విశాఖకు 1 గిగావాట్ డేటా కేంద్రం, 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి ప్రకటించింది. అది ముఖ్యంగా ఏఐ కోసం, ఆటల కోసం కాదు. కానీ క్లౌడ్ అన్న మాటకు అర్థం ఇప్పుడు తెలుగువాళ్లకు ఒక ఊరి పేరుతో సహా తెలుసు.

అర్ధరాత్రి దాకా: కాలాన్ని చెప్పే మాట. అక్క దీన్ని వాడి నిద్ర చెడుతుందన్న అర్థంలో వాడింది. కరెంటు వైపు నుంచి చూస్తే ఇదే వాక్యం మొత్తానికి కీలకం. మధ్యాహ్నం కర్నూలు ప్రాంతంలోని గని, శకునాల గ్రామాల దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు ఎండను కరెంటుగా మారుస్తూ ఉంటుంది. రాత్రి పదకొండింటికి అది చీకట్లో పలకల మైదానం. అప్పుడు హనుమకొండలో టీవీ వెలగాలంటే రామగుండంలోనో కొత్తగూడెంలోనో బొగ్గు మండాలి. దేశం మొత్తం మీద కరెంటులో నాలుగింట మూడు వంతులకు దగ్గరగా బొగ్గుదే. సగటున ఒక యూనిట్ కరెంటుకు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది. నార్వేలో నదులే కరెంటు చేస్తాయి కాబట్టి అక్కడ ఇది అతి స్వల్పం.

ఇప్పుడు ఆ 89 తీయండి. కన్సోల్ ఆడేటప్పుడు 160 వాట్లు లాగుతుందనుకుందాం. రోజుకు రెండు గంటలు. ఏడాదికి దాదాపు 117 యూనిట్లు, టీవీ లెక్క కలపకుండా. మన కరెంటుతో అది 82 కిలోలు. అంటే యంత్రం తయారీ, రవాణాల్లో పడ్డ మసిలో దాదాపు అంతా మనం ఒక్క ఏడాదిలో ఆడి పోస్తున్నాం. నార్వే కుర్రవాడు ఏళ్ల తరబడి ఆడినా ఆ 89కి చేరడు. వాడికి అసలు భారం కొనడంలో ఉంది, మనకు ఏళ్లు గడిచేకొద్దీ ఆడటంలోనే ఎక్కువ ఉంది. పడమటి పత్రికల్లో వచ్చే సలహాలు మనకు యథాతథంగా అతకకపోవడానికి కారణం ఇదే.

ఆడి: ఎంత కరెంటుతో ఆడాడన్నది యంత్రాన్ని బట్టి మారిపోతుంది. చేతిలో పట్టుకుని ఆడే నింటెండో స్విచ్ పది వాట్లకు అటూఇటూగా సరిపెట్టుకుంటుంది. పెద్ద కన్సోల్ 200 దాకా పోతుంది. గేమింగ్ కంప్యూటర్ల సంగతి వేరు. ఎన్‌విడియా వారి జీటీఎక్స్ 1080 గ్రాఫిక్స్ కార్డు 2016లో 180 వాట్లు తీసుకునేది. 2022లో ఆర్టీఎక్స్ 4090కి 450 వాట్లు. 2025లో ఆర్టీఎక్స్ 5090కి 575 వాట్లు. ఇది ఒక్క కార్డు. ఇంట్లో పాత రకం సీలింగ్ ఫ్యాన్లు ఏడెనిమిది ఒక్కసారి తిప్పినంత. ప్రతి వాట్‌కూ చేసే పని పెరిగిన మాట నిజమే. ఆ మిగులును పొదుపుగా ఉంచకుండా ఇంకా పెద్ద బొమ్మకు, ఇంకా ఎక్కువ ఫ్రేములకు ఖర్చు పెట్టేశారు.

ఈ విషయం మీద ముందుగా శ్రమించినవారిలో ఒకడు అమెరికాలోని లారెన్స్ బర్కిలీ జాతీయ ప్రయోగశాలకు చెందిన ఇవాన్ మిల్స్. నాథనియల్ మిల్స్‌తో కలిసి 2015లో రాసిన పత్రంలో, ఒక మామూలు గేమింగ్ కంప్యూటర్ ఏడాదికి 1,400 యూనిట్లు తింటుందని, అది మూడు ఫ్రిజ్‌ల ఖర్చని చూపించాడు. తరువాత బృందంతో కలిసి చేసిన పెద్ద పరిశోధనలో అమెరికాలో ఆటల కరెంటు ఏడాదికి 3,400 కోట్ల యూనిట్లని, దాని మసి 2.4 కోట్ల టన్నులని తేల్చాడు. మన కొలతలో చెప్పాలంటే, 2,600 మెగావాట్ల రామగుండం ఎన్టీపీసీ లాంటివి రెండు, ముప్పాతిక సామర్థ్యంతో ఏడాదంతా నడవాలి. ఆ పరిశోధనలో నాకు నచ్చింది ఇంకొకటుంది. ఆడే ఆనందం తగ్గకుండానే ఈ ఖర్చు బాగా తగ్గించవచ్చని వారు యంత్రాలను కొలిచి చెప్పారు. ఫ్రేముల సంఖ్యకు హద్దు పెట్టడం, సరైన పవర్ సప్లై వాడటం, కదలని మెనూ బొమ్మను సెకనుకు వందసార్లు మళ్లీ మళ్లీ గీయకపోవడం వంటి పనులు ఇవి. ఫోర్ట్‌నైట్ తయారీదారులు ఆటగాడు లాబీలో ఖాళీగా కూర్చున్నప్పుడు యంత్రం గీసే పనిని తగ్గించారు. ఆడేవాడికి తేడా కూడా తెలియలేదు. హైదరాబాదులో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ స్టూడియో ఉంది. ఈ రంగంలో పనిచేసే తెలుగు ప్రోగ్రామర్లు దేశవిదేశాల్లో ఎందరో ఉన్నారు. మెనూకు ఫ్రేముల హద్దు పెట్టే ఆ నాలుగు వరుసల కోడ్ మనవాళ్ల చేతి మీదుగా కూడా పోవచ్చు.

స్లీప్‌లో పెట్టి: వాక్యానికి ఆయువుపట్టు. తెలుగు వ్యాకరణంలో ‘పెట్టి’ అసమాపక క్రియ. వాక్యం ముగియలేదని రూపంలోనే చెబుతుంది. యంత్రం విషయంలో పని కూడా ముగియలేదు. స్లీప్ అన్నారు గాని అది నిద్ర కాదు, కోడికునుకు. బటన్ నొక్కితే రెండు సెకన్లలో లేవాలి, రాత్రి సవరణలు దించుకోవాలి, ‘హలో’ అంటే వినాలి. అందుకని లోపల ఒక కన్ను తెరిచే ఉంటుంది.

ఎక్స్‌బాక్స్ ఈ కునుకులో 10 నుంచి 15 వాట్లు తీసుకునేది. పై లెక్కనే కొనసాగిద్దాం. రోజుకు రెండు గంటల ఆట, మిగతా 22 గంటల కునుకు. 15 వాట్ల చొప్పున ఏడాదికి 120 యూనిట్లు. ఆడినందుకు 117, ఆడనందుకు 120! అదే కునుకు అర వాటుకు దిగితే ఏడాదికి నాలుగు యూనిట్లు. పది లక్షల ఇళ్లలో ఈ ఒక్క మార్పు జరిగితే ఏడాదికి 11 కోట్ల యూనిట్లు పైన మిగులుతాయి. ఎవరూ ఒక్క నిమిషం ఆట కూడా పోగొట్టుకోరు.

అర వాటు గాలిలోంచి తెచ్చిన అంకె కాదు. 2019 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం తోడ్పాటుతో ‘ప్లేయింగ్ ఫర్ ద ప్లానెట్’ అనే కూటమి మొదలైనప్పుడు, రాబోయే ప్లేస్టేషన్‌లో ఆటను మధ్యలో ఆపి నిద్రపుచ్చే పద్ధతి అర వాటుతో పనిచేస్తుందని సోనీ ప్రకటించింది. పది లక్షల మంది దాన్ని వాడితే వెయ్యి అమెరికా ఇళ్ల కరెంటు మిగులుతుందని లెక్క చెప్పింది. అయితే ఆ లెక్కంతా ‘వాడితే’ అన్న చేదర్థకం మీద వేలాడుతోంది. సెట్టింగుల్లో ఉన్నదాన్ని మనుషులు వెతికి మార్చరు. మా మేనల్లుడు మార్చడు, నేనూ మార్చి ఉండేవాణ్ని కాదు. కాబట్టి పెట్టె తెరిచిన రోజు ఏ అమరిక ఉంటుందో అదే చాలా ఇళ్లలో ఆ యంత్రం చచ్చేదాకా ఉంటుంది. మైక్రోసాఫ్ట్ 2022 మార్చిలో చేసిన పని అందుకే పెద్దది. కొత్తగా మొదలుపెట్టే ఎక్స్‌బాక్స్‌లకు పొదుపు పద్ధతినే ముందే అమర్చిన స్థితి చేసింది. 2023 జనవరిలో పాత యంత్రాల్లో కొన్నింటినీ దానికే మార్చింది. ఇళ్లలో ఎవరూ ఏమీ వెతికి మార్చకుండానే మీటరు తిరగడం నెమ్మదించింది.

అదే నవీకరణలో ఇంకొక మంచి ఆలోచన ఉంది. తెల్లవారుజాము రెండింటికీ ఆరింటికీ మధ్య ఎప్పుడో లేచి సవరణలు దించుకునే బదులు, ఆ వేళల్లో గ్రిడ్‌లో మసి తక్కువగా ఉన్న సమయం చూసి యంత్రం లేస్తుంది. గాలిమరలు రాత్రంతా తిరిగే దేశాలకు ఇది చక్కగా సరిపోతుంది. మన దగ్గర ఆ నాలుగు గంటలూ సూర్యుడు లేని గంటలు. మనకు కావలసింది మధ్యాహ్నం పన్నెండింటికి లేచే యంత్రం. పిల్లలు బడిలో ఉంటారు, కర్నూలులో ఎండ మండుతూ ఉంటుంది. ఈ మాట ఎవరైనా ఆ ఇంజనీర్లకు చేరవేస్తే బాగుండును.

పడుకున్నాడు: సమాపక క్రియ. ఇంట్లో నిజంగా నిద్రపోయింది వాడొక్కడే.

పాతది: విశేషణంలా కనిపించే నామవాచకం. ఏమైంది దానికి అని అక్కను అడిగాను. “వేడెక్కి ఆగిపోతోందిరా, హోరుమంటుంది” అంది. అంటే చావలేదు. ఫ్యాన్‌లో దుమ్ము, చిప్ మీది పేస్టు ఎండిపోవడం, సాధారణంగా ఇంతకు మించి ఏమీ ఉండదు.

పాతదాన్ని పాతిపెట్టడం ఈ పరిశ్రమకు చిన్నప్పటి అలవాటు. 1983 సెప్టెంబరులో అటారీ సంస్థ తన అమ్ముడుపోని సరుకును లారీల్లో న్యూ మెక్సికోలోని అలమొగోర్డో చెత్తగుంతకు తోలి, పైన కాంక్రీటు పోయించింది. ఐదు వారాల్లో హడావిడిగా చేసిన ‘ఈ.టీ.’ ఆట కార్ట్రిజ్‌లే అందులో ఉన్నాయని ముప్పై ఏళ్లు పుకారు నడిచింది. 2014 ఏప్రిల్‌లో తవ్వితే ఈ.టీ.తో పాటు బాగా అమ్ముడుపోయిన ఆటలు కూడా బయటపడ్డాయి. మొత్తం 7,28,000 కార్ట్రిజ్‌లు పాతామని అప్పటి అటారీ ఉద్యోగి ఒకరు చెప్పారు. బయటికి తీసింది 1,300 పైచిలుకు మాత్రమే. ఆ ప్లాస్టిక్కు, ఆ సర్క్యూట్లు ముప్పై ఏళ్లలో మట్టిలో కలవలేదు. పెట్టెల మీది అక్షరాలు కూడా చదవగలిగేలా ఉన్నాయి.

ఇప్పుడు పాతిపెట్టడం అవసరం లేదు, బాగు చేయకుండా చూస్తే చాలు. కొన్ని కన్సోళ్లలో డిస్కు డ్రైవును మదర్‌బోర్డుతో జత కట్టేస్తారు. పాడైతే అచ్చం అలాంటిదే వేరేది పెట్టినా యంత్రం ఒప్పుకోదు. ఆ తాళం తీయడం అమెరికాలో కాపీరైట్ నేరం కిందికి వచ్చేది. 2021లో అక్కడి కాపీరైట్ కార్యాలయం కన్సోళ్ల డిస్కు డ్రైవు మరమ్మతుకు మాత్రమే మినహాయింపు ఇచ్చింది. తలుపు పూర్తిగా తెరవలేదు, సందు వదిలింది. దీనికి పక్కనే ఒక మంచి ఉదాహరణ పెట్టాలి. గూగుల్ తన క్లౌడ్ ఆటల సేవ స్టేడియాను 2023 జనవరిలో మూసేసినప్పుడు, దాని కంట్రోలర్లు వైర్‌లెస్‌గా వేరే దేనికీ పనికిరాక చెత్తలో పడాల్సినవే. లోపల నిద్రపోతున్న బ్లూటూత్‌ను మేల్కొలిపే సాధనం ఒకటి గూగుల్ విడుదల చేసింది. ఇప్పటికీ అవి కంప్యూటర్లకు తగిలించి ఆడుకుంటున్నారు. ప్రతి సేవకూ చివరి రోజు ఇలాగే ఉండాలని నా కోరిక.

అటక మీద: అధికరణం. ఈ మాట తెలుగు ఇళ్లలో మహా మెత్తనిది. పారేయలేదన్న ఊరట, వాడుతున్నామన్న బాధ్యత లేకపోవడం రెండూ ఇందులో ఉన్నాయి. 2022లో ప్రపంచం 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త చేసింది. పద్ధతిగా సేకరించి లోహాలు వెలికితీసింది అందులో 22.3 శాతం. మిగతాదాంట్లో చాలా భాగం గుంతల్లోకి, తీగలు కాల్చి రాగి తీసే పెరళ్లలోకి, ఆ పొగ పీల్చే పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోయింది. మన దేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి అమలైన ఈ-వేస్ట్ నిబంధనల పట్టికలో వీడియో గేములు, చేతి కన్సోళ్లు పేరుతో సహా ఉన్నాయి. వాటిని రీసైక్లింగ్‌కు చేర్చే బాధ్యత తయారీదారుది. అటక మీద ఉన్నంతకాలం మాత్రం ఆ నిబంధన ఆ పెట్టెను తాకలేదు.

ఇంకొక జాగ్రత్త. కంట్రోలర్లలో లిథియం బ్యాటరీలుంటాయి. మే నెలలో హనుమకొండ డాబా ఇంటి అటక మీద వేడి ఎంతో అందరికీ తెలుసు. ఏళ్ల తరబడి ఆ వేడిలో ఉన్న బ్యాటరీ ఉబ్బుతుంది, ఒక్కోసారి అంటుకుంటుంది. ముందు వాటిని దింపమని అక్కకు ఫోన్లోనే చెప్పాను.

వాడు, పెట్టాం: ఇప్పుడు కర్తల దగ్గరికి వచ్చాం. మొదటి వాక్యంలో కర్త ‘వాడు’. కొనింది వాడు, దించింది వాడు, ఆడింది వాడు, స్లీప్‌లో పెట్టింది వాడు. వ్యాకరణం ఒప్పుకుంటుంది, లెక్కలు ఒప్పుకోవు. చిప్ కడిగిన నీళ్లు, కాంగో మట్టి, ఆట 100 గిగాబైట్లు కావడం, కునుకు 15 వాట్లు కావడం, డ్రైవుకు తాళం పడటం, వీటిలో ఏ ఒక్కటీ వాడు ఎంచుకోలేదు. మన వ్యాకరణంలో ప్రేరణక్రియ ఉంది. చేసినవాడు ఒకడు, చేయించినవాడు ఒకడు. ఈ వాక్యంలో చాలా క్రియలు నిజానికి ‘చేయించబడినవి’. చేయించినవారి పేరు వాక్యంలో లేదు.

ఆ పేర్లున్న కంపెనీలు మాటలు బాగానే ఇచ్చాయి. మైక్రోసాఫ్ట్ 2030 నాటికి తాను వదిలే కార్బన్ కంటే ఎక్కువ వెనక్కి తీస్తానని 2020లో అంది. 2024 నివేదికలో తన ఉద్గారాలు 2020 నుంచి 29 శాతం పెరిగాయని అదే ఒప్పుకుంది. డేటా కేంద్రాల నిర్మాణం ముఖ్య కారణం. పెరిగిందని దాచకుండా రాసినందుకు నాకు గౌరవం ఉంది. గౌరవం వల్ల గాలి చల్లబడదు. సోనీ నికర సున్నా గడువును 2050 నుంచి 2040కి ముందుకు జరుపుకుంది. ‘హొరైజన్ ఫర్బిడెన్ వెస్ట్’ ఆటలో ఒక ఘట్టం చేరినవారి పేరున 2,88,000 దాకా చెట్లు నాటిస్తానని 2022లో అంది. చెట్లు నాటితే కాదనేవాడెవడు? కానీ చెట్టు పెరిగి మసి పీల్చడానికి దశాబ్దాలు పడుతుంది. అర వాటు అమరిక పెట్టె తెరిచిన రాత్రి నుంచే పనిచేస్తుంది. రెంటిలో ఒకటి ఎంచుకోమంటే నేను అమరికనే ఎంచుకుంటాను.

రెండో వాక్యంలో కర్త మారింది. ‘పెట్టాం’, ఉత్తమ పురుష బహువచనం. అక్క, బావ, మేనల్లుడు అందరూ అందులో ఉన్నారు. ఈ ఒక్క క్రియను మాత్రం ఎవరూ చేయించలేదు, వాళ్లే చేశారు. అందుకే నేను పట్టుబట్టింది దీని మీదే.

ఆదివారం వాడు నిచ్చెన వేసి దాన్ని దింపాడు. బావ దాన్ని ఊళ్లో కంప్యూటర్లు బాగుచేసే కుర్రవాడి దగ్గరికి తీసుకెళ్లాడు. ఫ్యాన్ విప్పి దుమ్ము ఊది, కొత్త పేస్టు రాసి, నలభై నిమిషాల్లో ఇచ్చాడట. “హోరు లేదు మామయ్యా, అసలు ఆన్‌లో ఉందా లేదా తెలియట్లేదు” అన్నాడు మేనల్లుడు ఫోన్లో. కొత్తదాంట్లో స్లీప్ మార్చావా అని అడిగాను. మార్చానన్నాడు, లేవడానికి ఇప్పుడు అరనిమిషం పైన పడుతోందట, ఈలోగా మంచినీళ్లు తాగి వస్తున్నాడట. పాతది ఈ వారం ఖమ్మంలో వాళ్ల బాబాయి కూతురికి వెళ్తోంది. కంట్రోలర్లలో ఒకదాని బ్యాటరీ అప్పటికే ఉబ్బి ఉంది, దాన్ని విడిగా ఇసుక డబ్బాలో పెట్టించాను.